పేపర్లు తూకం వేయడం ఆపండి, చదవడం మొదలుపెట్టండి

ఈ వారం వ్యాసం టాపిక్: పరిశోధకుల మూల్యాంకనం. జీఎస్-2లో ఉన్నత విద్య, జీఎస్-3లో సైన్స్ అండ్ టెక్నాలజీ, జీఎస్-4లో నిజాయితీ, జవాబుదారీతనం. మూడు చోట్లా పనికొస్తుంది. కానీ ఈసారి నోట్స్ లాగా రాయలేకపోయాను. కోపం వచ్చి రాశాను. కాబట్టి ఫ్యాక్ట్స్ మీరు తీసుకోండి, కోపం నాకు వదిలేయండి.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నా పేరు మీద ఒక రీసెర్చ్ పేపర్ ఉంది. బీటెక్ ఫైనలియర్‌లో మా ప్రాజెక్ట్ రిపోర్టులోంచి ఆరు పేజీలు కోసి, కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌కి దొరక్కుండా వాక్యాలు అటూ ఇటూ తిప్పి, ఒక ఆన్‌లైన్ జర్నల్‌కి పంపాం. సోమవారం పంపితే గురువారానికి 'యాక్సెప్టెడ్' అని మెయిల్ వచ్చింది. దాని కిందే ఫీజు కట్టాల్సిన అకౌంట్ నంబరు. బ్యాచ్‌లో నలుగురం తలా ఇంత వేసుకుని కట్టాం. పేపర్ మీద మాత్రం ఆరు పేర్లు పడ్డాయి. మేం నలుగురం, గైడ్ సార్, ఇంకా ఒక్క రోజు కూడా మా ల్యాబ్ ముఖం చూడని మరో సార్. "ఆయన ప్రమోషన్ ఫైలు నడుస్తోంది, పేరు పెడితే మీకు పోయేదేముంది?" అన్నారు. నిజమే, మాకు పోయేదేమీ లేదు. ఆ వాక్యం ఎంత కచ్చితంగా నిజమో ఢిల్లీ వచ్చాక, యూజీసీ రెగ్యులేషన్ చదివాక అర్థమైంది.

లెక్క ఎలా ఉందో చూద్దాం

యూజీసీ 2010 రెగ్యులేషన్స్‌లో 'ఏపీఐ స్కోర్' అనే పద్ధతి తెచ్చింది. టీచర్ చేసే ప్రతి పనికీ పాయింట్లు. 2013లో, 2016లో సవరించి, 2018లో దాని బదులు 'రీసెర్చ్ స్కోర్' పట్టిక పెట్టారు. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకి కనీసం 7 పేపర్లు, 75 పాయింట్లు. ప్రొఫెసర్ పోస్టుకి కనీసం 10 పేపర్లు, 120 పాయింట్లు. సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకి ఒక పేపరుకి 8, భాషలు, సాహిత్యం, సోషల్ సైన్స్ వాళ్లకి 10. దాని మీద జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని బట్టి అదనం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేకపోతే 5, ఒకటి లోపుంటే 10, అలా పెరుగుతూ పదికి మించితే 30.

ఇప్పుడు పేర్ల లెక్క చూడండి. ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం. ఇద్దరికంటే ఎక్కువైతే మొదటి రచయితకి లేదా బాధ్యత తీసుకున్న రచయితకి 70 శాతం, మిగతా ప్రతి ఒక్కరికీ 30 శాతం. అంటే ముగ్గురున్న పేపర్‌కి నాలుగో పేరు చేరిస్తే ముందున్న ముగ్గురికీ ఒక్క పాయింటు తగ్గదు. ఐదో పేరుకీ అంతే, పదో పేరుకీ అంతే. ఒకే పేపర్ మీద పదిమంది ఉంటే మొత్తం పంపిణీ అయ్యేది 340 శాతం. ఏ ఇంటి పెద్దా ఆస్తిని ఇలా పంచలేడు! "పేరు పెడితే పోయేదేముంది" అన్న మాట ఒకరి చెడ్డ బుద్ధి కాదు, అది పట్టికలోనే ఉంది. పట్టిక నేర్పిన పాఠాన్ని ఆయన మాకు అప్పజెప్పారు, అంతే.

రెండో లెక్క. భాషా శాస్త్రంలో ఒక వ్యాసానికి 10 పాయింట్లు అని చెప్పాను కదా. దేశంలోని ప్రచురణకర్త దగ్గర అచ్చైన పుస్తకానికి? అదీ 10 పాయింట్లే. అంతర్జాతీయ ప్రచురణకర్త అయితే 12.

తెలుగు ఆప్షనల్ వాళ్లకి భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం గురించి చెప్పక్కర్లేదు. 1962లో వ్యవసాయ పదాల సంపుటం వచ్చింది, 1971లో చేనేత పదాల సంపుటం. ఊళ్లు తిరిగి, రైతుల్నీ నేతగాళ్లనీ అడిగి, ఏ జిల్లాలో ఏ పనిముట్టుని ఏమంటారో రాసుకుని, సరిచూసి చేసిన పని. అలాంటి పని ఇవాళ ఒకరు చేశారనుకోండి. పట్టిక ప్రకారం ఆ సంపుటం విలువ, పన్నెండు పేజీల సెమినార్ వ్యాసాన్ని సాగదీసి జర్నల్‌లో వేసుకున్న దానితో సమానం. అలాంటప్పుడు బుద్ధున్నవాడెవడైనా పదకోశం చేస్తాడా? పదేళ్లలో పది వ్యాసాలు చేసుకుంటాడు. తప్పు వాడిది కాదు.

మా రూమ్‌లో ఒక పీహెచ్‌డీ

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో నాతో రూమ్ పంచుకునే అన్న పాలమూరు వైపు మనిషి. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. తెలుగులో పీహెచ్‌డీ. గొర్రెల కాపరుల మాటలు సేకరించాడు. రోగాల పేర్లు, గడ్డి పేర్లు, గొర్రె వయసుని బట్టి మారే పేర్లు. నాలుగేళ్లు వాళ్ల వెంట తిరిగాడు. ఆ నోటు పుస్తకాలు ఇప్పటికీ మా మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్నాయి, లక్ష్మీకాంత్ పుస్తకం పక్కన.

అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి అప్లై చేస్తే ఆయన షార్ట్‌లిస్ట్ కాలేదు. ఎందుకో చెప్తాను. యూనివర్సిటీలకి యూజీసీ ఇచ్చిన షార్ట్‌లిస్టింగ్ పట్టిక 100 మార్కులది. డిగ్రీలో 80 శాతం దాటితే 15 మార్కులు, 55 నుంచి 60 మధ్య ఉంటే 10. పీజీలో 80 దాటితే 25, 55 నుంచి 60 మధ్య ఉంటే 20. పీహెచ్‌డీకి 30. రీసెర్చ్ పేపర్లకి ఒక్కోదానికి 2 చొప్పున గరిష్ఠంగా 10.

అన్నకి డిగ్రీలో 57 శాతం, పీజీలో 58. డిగ్రీ చదివేటప్పుడు పొద్దున పాల వ్యాను మీద పని, సాయంత్రం కాలేజీ. అక్కడ 5, ఇక్కడ 5, మొత్తం 10 మార్కులు పోయాయి. అంటే పేపర్లకి ఉన్న మొత్తం 10 మార్కులు తెచ్చుకున్నా, ఇరవయ్యేళ్ల వయసులో పాల వ్యాను ఎక్కినందుకు పడిన అప్పు తీరడానికే అవి సరిపోతాయి. ఉద్యోగం పరిశోధకుడికి. కొలత మాత్రం పద్దెనిమిదేళ్ల కుర్రాడిది.

ఇదంతా చెప్పి నేను ఆవేశంగా "ఈ నంబర్లన్నీ తీసి పారేయాలి అన్నా" అంటే ఆయన టీ గ్లాసు కింద పెట్టి ఒక మాట అన్నాడు: "నంబర్ తీసేస్తే మనసొంటోళ్ల గతేంది తమ్మీ? ఇంటర్వ్యూ బోర్డుల మనకెవరున్నరు?"

నాకు సమాధానం దొరకలేదు. ఈ వ్యాసంలో అసలు చిక్కు అక్కడే ఉంది.

నంబర్‌ని ఎందుకు నమ్ముకున్నాం

ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని తిట్టడం తేలిక. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ఈ ఆలోచన చెప్పినప్పుడు అది మనుషుల్ని కొలవడానికి కాదు. ఏ జర్నల్ ఎంత వాడుకలో ఉందో తెలిస్తే లైబ్రరీలకి కొనుగోళ్లలో పనికొచ్చింది. అది జర్నల్ సగటు, అందులోని ఒక్కో వ్యాసం బలం కాదు. ఒక కోచింగ్ సెంటర్‌లో యాభైమందికి ర్యాంకులొచ్చాయి కాబట్టి అక్కడ చేరిన ప్రతివాడూ ర్యాంకరే అంటే నవ్వమా? జర్నల్ విషయంలో అదే మాట అధికారిక పట్టికలో రాసుకున్నాం.

కానీ నంబర్ ఊరికే రాలేదు. అంతకుముందు సెలెక్షన్ కమిటీలు ఎలా నడిచాయో యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లని ఎవరినడిగినా చెప్తారు. ఏ ప్రొఫెసర్ శిష్యుడు, ఏ కులం, ఏ ప్రాంతం, ఎవరి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. నంబర్ అనేది బయటివాడి ఆయుధం. "నా స్కోర్ ఇంత, ఆయనది ఇంత, నన్నెందుకు పిలవలేదు?" అని ఆర్టీఐ వేయగలిగేది నంబర్ ఉంటేనే. మొదటి తరం చదువుకున్నవాడికి, దళిత విద్యార్థికి, పల్లెటూరి అమ్మాయికి, పెద్దవాళ్ల సిఫారసు లేని ఎవరికైనా నంబర్ ఒక ఊతకర్ర. ఆ కర్ర లాగేసి "గుణాత్మక మూల్యాంకనం" అని ఇంగ్లీషు నుంచి దిగిన పెద్దమాట చేతిలో పెడితే కుంటివాడిని తోసేసినట్టే.

కాబట్టి నా వాదన నంబర్ వద్దని కాదు. నంబర్ సాక్షిగా పనికొస్తుంది, జడ్జిగా పనికిరాదు.

దీనికి మంచి ఉదాహరణ కలకత్తా శాస్త్రవేత్త శంభునాథ్ డే. కలరా క్రిమి విడుదల చేసే విషమే రోగానికి కారణమని చూపిన ఆయన పేపర్ 1959లో నేచర్‌లో వచ్చింది. 1985లో చనిపోయేవరకు మన దేశంలోని ఏ సైన్స్ అకాడెమీ ఆయన్ని ఫెలోగా ఎన్నుకోలేదు. మనుషుల తీర్పు అలా విఫలమైంది. ఆయన పని ఎంత ముఖ్యమో సైటేషన్లు చూపిస్తూ 1986లో వ్యాసం రాసింది ఎవరనుకున్నారు? అదే గార్‌ఫీల్డ్. నంబర్ అక్కడ సాక్ష్యం చెప్పింది. మంచిదే. కానీ ఆ సాక్ష్యం వచ్చేసరికి మనిషే లేడు.

భీమవరం నుంచి బోస్టన్‌కి

మా గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఏటా ఇంటింటికీ వచ్చి మాత్రలు మింగించేవాళ్లు. డీఈసీ మాత్రలు. చిన్నప్పుడు తిట్టుకుంటూ మింగాను. ఆ మందు వెనకున్న మనిషి మా పక్కనే భీమవరంలో 1895లో పుట్టాడని ఇంజినీరింగ్ అయ్యేదాకా నాకు తెలీదు. యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన జీవితం మొత్తం మూల్యాంకనంలో జరిగిన అన్యాయాల జాబితాలా ఉంటుంది. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు బ్రిటిష్ సర్జరీ ప్రొఫెసర్‌కి కంటగింపై, పూర్తి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో బయటికొచ్చాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1925లో అచ్చైన ఆ పేపర్ ప్రపంచంలో అత్యధికంగా ఉదహరించిన పేపర్లలో ఒకటి. ఆ తర్వాత ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నాడు. పదో తరగతి బయాలజీ పుస్తకంలో మనం చదివే ఏటీపీ అదే. ఇంత చేసినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల మీద పని ఫిస్క్ అడ్డుపడడం వల్ల వెలుగులోకి రాలేదని, ఏళ్ల తర్వాత వాటిని ఇతరులు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని, ఆ ల్యాబ్‌లోనే పనిచేసి తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పాడు.

1940లో హార్వర్డ్ వదిలి లెడర్లే కంపెనీకి వెళ్లాడు. అక్కడ ఎనిమిదేళ్లలో ఆయన బృందాల నుంచి ఫోలిక్ ఆమ్లం తయారీ, దాన్నుంచి లుకేమియా పిల్లలకి వాడిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్, బోదకాలు మందు, బెంజమిన్ డగ్గర్ కనుక్కున్న ఆరియోమైసిన్ వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే పోయాడు.

"ఇప్పటి సైటేషన్ లెక్క అప్పుడుంటే ఆయనకి లాభమే కదా?" అని మీరు అడగొచ్చు. కాదు. సైటేషన్లు దశాబ్దాల మీద వస్తాయి, ఉద్యోగం ఇవ్వాలా వద్దా అనే నిర్ణయం ఆ ఏడే జరుగుతుంది. సుబ్బారావుకి కావలసింది పాయింట్లు కావు. ఒకటి, ఏ పని ఎవరు చేశారో రాసిపెట్టే పద్ధతి. రెండు, ఆయన పని చదివి, "ఇందువల్ల ఇస్తున్నాం" లేదా "ఇందువల్ల ఇవ్వడం లేదు" అని కాగితం మీద సంతకం పెట్టాల్సిన కమిటీ. ఆ రెండూ అప్పుడు లేవు. విషాదం ఏమిటంటే వందేళ్ల తర్వాత మన పట్టికలోనూ అవి లేవు.

మెయిన్స్ లేని పరీక్ష

మనకి బాగా తెలిసిన పరీక్షతో పోల్చి చూడండి. సివిల్స్‌లో ప్రిలిమ్స్ ఆబ్జెక్టివ్, మెషీన్ దిద్దుతుంది. కానీ ఆ మార్కులు ఫైనల్ ర్యాంకులో కలవవు, అది గేటు మాత్రమే. అసలు బరువు మెయిన్స్‌ది, 1750 మార్కులు. మన చేతిరాతని ఒక మనిషి కూర్చుని చదువుతాడు. ఇంటర్వ్యూకి 275. మొత్తం 2025లో ఇంటర్వ్యూ వాటా 14 శాతం కూడా లేదు. ఎవరైనా బోర్డు చైర్మన్ మూడ్ బాగోలేకపోయినా, ఇంగ్లీషు తడబడినా, మెయిన్స్‌లో బాగా రాసినవాడిని పూర్తిగా ముంచలేరు. ఈ వ్యవస్థ మీద మనకి వంద ఫిర్యాదులు ఉన్నాయి. అయినా ఇంత నమ్మకంతో ఎండలో, చలిలో, కరెంటు పోయిన రూముల్లో చదువుతున్నామంటే కారణం ఆ మధ్య మెట్టే.

ఇప్పుడు 2018 రెగ్యులేషన్ చూడండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎంపికలో ఆ 100 మార్కుల పట్టిక షార్ట్‌లిస్టింగ్ కోసమే. ఎంపిక మాత్రం ఇంటర్వ్యూ ఆధారంగానే అని స్పష్టంగా రాశారు. అంటే ప్రిలిమ్స్ ఉంది, ఇంటర్వ్యూ ఉంది, మధ్యలో మెయిన్స్ లేదు. అభ్యర్థి రాసినదాన్ని ఎవరైనా తప్పనిసరిగా చదివే దశే లేదు! ముందు గుడ్డి నంబర్, తర్వాత గుడ్డి విచక్షణ. రెంటిలోని చెడూ కలిసింది, రెంటిలోని మంచీ పోయింది. మా అన్నని నంబర్ ఆపేసింది. నంబర్ దాటి వెళ్లినా లోపల ఆయన భయపడ్డ బోర్డే కూర్చుని ఉంటుంది. పదకోశం నోటు పుస్తకాలు మాత్రం రెండు చోట్లా ఎవరూ తెరవరు.

మరి ఈ నంబర్ కోసం పరుగు ఏం చేసిందో కూడా చూశాం. పాయింట్లు పెట్టగానే పాయింట్లు అమ్మే దుకాణాలు పుట్టాయి. మా ఫీజు తీసుకున్న జర్నల్ అలాంటిదే. వాటిని ఆపడానికి యూజీసీ జర్నళ్ల జాబితా పెట్టింది. జాబితాలోకే అవి దూరాయి. 2018 మేలో ఒక్క దెబ్బకి 4,305 జర్నళ్లని తీసేయాల్సి వచ్చింది. యూనివర్సిటీల సిఫారసుతో జాబితాలో చేరి, వేరే ఏ ఇండెక్సులోనూ లేని జర్నళ్లలో 88 శాతానికి పైగా నాసిరకం కావచ్చని అదే ఏడాది కరెంట్ సైన్స్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 2019లో కేర్ జాబితా పెట్టారు, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేశారు. పీహెచ్‌డీ థీసిస్‌కి ముందు పేపర్ తప్పనిసరి అన్న నిబంధనని 2022లో తీసేశారు. యూనివర్సిటీల వైపు ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌లో 30 శాతం బరువు పరిశోధనది, ఆ లెక్కకీ ఎక్కువగా పేపర్లు, సైటేషన్లే ఆధారం. పేపర్లు వెనక్కి తీసుకుంటే మార్కులు తగ్గిస్తామని 2025లో చెప్పారు. ప్రతిసారీ దొంగ ఒక కొత్త తాళం చూస్తున్నాడు, మనం ఇంకో తాళం కొంటున్నాం. ఇంట్లో ఎవరైనా మెలకువగా కూర్చుంటే ఇన్ని తాళాలు అక్కర్లేదు.

కొలమానమే లక్ష్యంగా మారితే అది కొలమానంగా పనికిరాదని ఎకానమీలో గుడ్‌హార్ట్ సూత్రం చదువుతాం. జవాబులో రాసి మార్కులు తెచ్చుకుంటాం. దాని అర్థం తెలియాలంటే నా పేపర్ చూడండి.

ఒకే రోడ్డు మీద రెండు ఆఫీసులు

మొన్నొక ఆదివారం టెస్ట్ రాశాక బుర్ర వేడెక్కి మెట్రో ఎక్కి ఐటీఓలో దిగాను. బహదూర్ షా జఫర్ మార్గ్. ఆ రోడ్డు మీదే యూజీసీ ఉంది. అదే రోడ్డు మీద భారత జాతీయ సైన్స్ అకాడెమీ, ఐఎన్ఎస్ఏ కూడా ఉంది. ఈ అకాడెమీ 2018లో ఒక విధాన ప్రకటన ఇచ్చింది. పరిశోధకుడు ఎక్కడ ప్రచురించాడన్నది కాదు, ఏం ప్రచురించాడన్నది చూడండి అని దాని సారాంశం. యూజీసీ పాయింట్ల పట్టిక వచ్చింది కూడా 2018లోనే. ఒకే ఏడాది, ఒకే రోడ్డు, రెండు వ్యతిరేక పాఠాలు. ఆదివారం కాబట్టి రెండు గేట్లూ మూసే ఉన్నాయి. మామూలు రోజున ఒకరి గేటులోంచి ఇంకొకరు వెళ్లి ఉంటే బాగుండేది.

బయటి దేశాలు ఈ ఆలోచనలో కాస్త ముందున్నాయి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనిషిని కొలవొద్దన్న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన 2012 డిసెంబర్ సమావేశంలో మొదలై 2013లో బయటికొచ్చింది. పది సూత్రాలతో లైడెన్ మానిఫెస్టో 2015లో. జర్మనీలో పరిశోధనలకి డబ్బిచ్చే డీఎఫ్‌జీ సంస్థ 2010లోనే బయోడేటాలో ఐదు ప్రచురణలకి మించి రాయొద్దంది. మన హైదరాబాద్‌లో ఉన్న ఇండియా అలయన్స్ కూడా శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన మీద సంతకం పెట్టింది. అంటే ఇది మనకి చేతకాని విద్య కాదు.

మనకి ఇది ఇంకా ఎక్కువ అవసరం. పరిశోధన మీద మన ఖర్చు జీడీపీలో 0.64 శాతం. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కి ఐదేళ్లలో 50,000 కోట్లు అన్నారు. ఉన్న కొద్ది డబ్బు కూడా పాయింట్లు కొనుక్కున్నవాడి చేతికి పోతే ఇక మిగిలేదేముంది?

ఏం చేయాలి

వే ఫార్వర్డ్ రాయకుండా వ్యాసం ముగిస్తే మెంటర్లు ఒప్పుకోరు. నాకు తోచినవి ఇవి.

ఒకటి, మెయిన్స్ మెట్టు పెట్టాలి. అభ్యర్థి తన పనిలో మంచివని తాను నమ్మే ఐదింటిని ఇవ్వాలి. పేపరే కానక్కర్లేదు. పదకోశం, డేటా, సాఫ్ట్‌వేర్, వంగడం, ఏదైనా కావచ్చు. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఇవాళ మన కంచాల్లో ఉంది. దానికి ఏ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇస్తారు? ఒక్కో పనికీ ఒక పేజీలో ఏం చేశాను, ఎందుకు చేశాను, దాన్ని ఎవరు వాడారు అని రాయాలి. పేర్లు తీసేయగలిగిన చోట తీసేసి, బయటి నిపుణులు ఇద్దరో ముగ్గురో చదివి మార్కులు వేయాలి.

రెండు, ఎవరు ఏం చేశారో ప్రతి పేపర్ మీదా రాయాలి. ప్రయోగం ఎవరిది, విశ్లేషణ ఎవరిది, రాసింది ఎవరు. ఏమీ రాయలేని పేరు దానంతట అదే రాలిపోతుంది. మా ఆరో సార్ లాగా.

మూడు, చదివినవాళ్లు కారణాలు రాయాలి. ఫలితాల తర్వాత ఆ కారణాలు అభ్యర్థికి ఇవ్వాలి, నిపుణుల పేర్లు బయటపెట్టాలి, గురుశిష్య సంబంధం ఉంటే ముందే తప్పుకోవాలి. అన్న అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదే. బయటివాడిని కాపాడేది నంబర్ కాదు, రికార్డు. కోర్టులో నిలబడేది "ఎందుకు" అని రాసిన కాగితం. రిజర్వేషన్ రోస్టర్ ఎలా ఉందో అలాగే ఉండాలి, ఇంటర్వ్యూ బరువు మన పరీక్షలో లాగా తగ్గాలి.

నాలుగు, కెరీర్‌ని క్యాలెండర్‌తో కాకుండా దొరికిన సమయంతో కొలవాలి. ప్రసవం, ఇంట్లో జబ్బు మనిషి, గెస్ట్ ఫ్యాకల్టీగా వారమంతా క్లాసులు, ఇవన్నీ లెక్కలోకి రావాలి. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ తల్లులకి ఒక్కో బిడ్డకి 18 నెలలు గడువు కలుపుతుంది. మనం డిగ్రీలో పోయిన ఐదు మార్కులు కూడా మాఫీ చేయడం లేదు. పీహెచ్‌డీ అయినవాడిని మళ్లీ డిగ్రీ శాతంతో కొలవడం మానాలి.

ఇక 2025 జనవరిలో యూజీసీ ఇచ్చిన ముసాయిదా గురించి. పాయింట్ల బదులు తొమ్మిది రంగాల్లో కనీసం నాలుగింటిలో 'గుర్తించదగ్గ కృషి' చూపాలంది. అందులో భారతీయ భాషల్లో బోధన ఉంది, సమాజ సేవ ఉంది. వినడానికి నేను అడిగినట్టే ఉంది. కానీ 'గుర్తించదగ్గ' అని ఎవరు గుర్తిస్తారు? కారణాలు రాస్తారా? అభ్యర్థికి ఇస్తారా? రాతపూర్వక కారణాలు లేకుండా నంబర్ ఒక్కటే తీసేస్తే అది సంస్కరణ కాదు, పాత ఫోన్ కాల్‌కి కొత్త కనెక్షన్. మా అన్న భయం అక్షరాలా నిజమవుతుంది.

"చదవడానికి నిపుణులకి టైమెక్కడిది?" అనేవాళ్లకి ఒక లెక్క. ఒక పోస్టుకి ఇరవైమంది, ఒక్కొక్కరివి ఐదు పనులు, మొత్తం వంద. ముగ్గురు పంచుకుంటే తలా రెండు వారాల పని. ముప్పై అయిదేళ్లకి చేరినవాడు అరవై అయిదు దాకా ఉంటాడు. ముప్పై ఏళ్ల కుర్చీ కోసం రెండు వారాలు చదవలేనంటే, ఆ నిపుణుడు ముందు తన కుర్చీ ఖాళీ చేయాలి.

నా రెజ్యూమేలోంచి ఆ పేపర్ తీసేశాను. డాఫ్ నింపే రోజు వస్తే అందులోనూ రాయను. బోర్డు అడిగితే ఎందుకు తీశానో చెప్తాను. అన్నకి ఇంకో రెండు అటెంప్టులున్నాయి. నిన్న ట్రంకు పెట్టె తెరిచి ఒక నోటు పుస్తకం నా చేతిలో పెట్టి చదవమన్నాడు. గడ్డి పేర్లే పదకొండు పేజీలు. ఆయన పీహెచ్‌డీ అయ్యాక వాటిని చదివిన మొదటి మనిషిని నేనేనట.

ప్రాక్టీస్ ప్రశ్న: "ఉన్నత విద్యలో ఎంపికల నిష్పాక్షికతకి సంఖ్యా కొలమానాలు అవసరమే కానీ సరిపోవు." యూజీసీ నిబంధనల వెలుగులో చర్చించండి. 250 పదాలు, 15 మార్కులు. నంబర్ వైపు వాదన కూడా తప్పకుండా రాయండి, దాన్ని వదిలేసిన జవాబుకి నేనైతే సగం మార్కులే వేస్తాను.